మధుర, కోయంబత్తూరు తెలుగువారి చరిత్రము – పరిశోధనవ్యాస రచనావిధానము

మన సంఘమువారు ఈ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని నన్నడిగినప్పుడు నేను కొంత వెనుదీసితిని. నేను పండితుడను గాను. చదివినది మెట్రిక్యులేషను, చేసినది గుమాస్తాపని. 1981 మొదలు 2017 వరకు ముప్పదియారేండ్లు కాగితపు కట్టల నడుమ గడపి, పింఛను పుచ్చుకొని ఇంట గూర్చున్నవాడను. అయినను ఆ కట్టల నడుమనే ఒక పాఠము నేర్చుకొంటిని. కాగితము లేనిదే హక్కు నిలువదు. తేదీ లేని కాగితమునకు విలువ లేదు. చరిత్రమునకును ఈ నియమమే వర్తించునని మాత్రము చాల ఆలస్యముగా, అదియు దెబ్బతిని, తెలిసికొంటిని. ఆ సంగతిని మన పిన్నలకు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మధుర, దిండుగల్లు, కోయంబత్తూరు ప్రాంతములలో తెలుగు మాటలాడు ఇండ్లు వేలకు వేలు కలవు. ఈ ఇండ్లలో పలుచోట్ల తాటియాకు కట్టలు, రాగిరేకులు, పాత దస్తావేజులు నేటికిని గలవు. సరస్వతీపూజనాడు వానిని దింపి, పసుపు కుంకుమలుంచి, మరల అటక యెక్కించుట మన ఆచారము. చదువువారు మాత్రము లేరు. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో అరవము, ఆంగ్లము చదివిన బిడ్డలకు ఆ ఆకులమీది వ్రాత గీతలుగానే కనబడును. పూర్వము ఆడి పదునెనిమిదవనాడు ఏటినీటిలో కలిసిన గ్రంథములెన్నియో, భోగిమంటలో కాలినవెన్నియో లెక్కించువారు లేరు. ఉన్నవానినైనను చదివి, వ్రాసి, విద్వాంసులు పరీక్షించు పత్రికలో అచ్చువేయించినగాని అవి చరిత్రము కావు. అంతవరకు అవి ఇంటి వస్తువులు మాత్రమే.

మనవారు ఈ దేశమునకు వచ్చిన విధము

విజయనగర రాజకుమారుడగు కంపరాయలు పదునాలుగవ శతాబ్ది ఉత్తరార్ధమున మధుర సుల్తానులను జయించిన కథ చరిత్రప్రసిద్ధము. ఆ దండయాత్రను ఆయన దేవియగు గంగాదేవి 'మధురావిజయ'మను సంస్కృతకావ్యముగా రచించినది. అందామె పూర్వకవులను స్తుతించుచు మన తిక్కనను గూడ స్మరించినది. మధురకును తెలుగు కవితకును గల సంబంధమునకు ఇది మిక్కిలి ప్రాచీనమైన నిదర్శనములలో నొకటి. అయితే ఈ కావ్యము 1916 వరకు లోకమునకు తెలియనే తెలియదు. ఆ సంవత్సరము తిరువనంతపురమున ఒక ప్రాచీన గ్రంథాలయమునందు, సంబంధములేని వేరు గ్రంథముల నడుమ ఒకే యొక తాళపత్రప్రతిగా దొరకినది. ఆ కట్టను విప్పిన పండితుడు విసుగుపడి ప్రక్కన పెట్టియున్నచో గంగాదేవి పేరు నేడు మనకు తెలియకపోవును గదా!

తరువాత 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర పాలనము వహించెను. ఆయన మంత్రి అరియనాథ మొదలియారు సాయమున నాడును పాళెములుగా విభజించినట్లు చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆ పాళెములు డెబ్బదిరెండని ప్రసిద్ధి. పాళెగాండ్రలో తెలుగువారు పలువురుండిరి. 1623 నుండి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని మహలు నేటికిని మధురలో నిలిచియున్నది. 1706 నుండి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే 'శ్రీరంగ మాహాత్మ్యము', 'మాఘ మాహాత్మ్యము' అను తెలుగు వచనగ్రంథములు వ్రాసెను. ఆయన ఆస్థానమునందలి సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమిని భారతము'ను వచనమున రచించెను. తెలుగు వచనము కావ్యగౌరవము నందినది ఈ దక్షిణదేశముననే యనుట అతిశయోక్తి కాదు. 1736లో రాణి మీనాక్షితో ఆ వంశముయొక్క ప్రభుత్వ మంతరించినది.

కొంగునాడు కొంతకాలము మధుర నాయకులకును, పిమ్మట మైసూరువారికిని లోబడి, 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము ఈస్టిండియా కుంపిణీ వశమైనది. 1801లో మధుర సీమయు కుంపిణీకే చెందినది. ఈ మార్పులన్నిటి నడుమ తెలుగువారు తండోపతండములుగా వచ్చుచునే యుండిరి. కత్తి పట్టినవారు వచ్చిరి. నాగలి పట్టినవారు వచ్చిరి. మగ్గము నేసిన దేవాంగులు, వర్తకము చేసిన బలిజలు, తోలుపని చేసిన కుటుంబములవారు, పౌరోహిత్యము చేసినవారు, అందరును వచ్చిరి. అందరును ఒకేసారి రాలేదు. ఒకే కారణముచేత రాలేదు. ఇది జ్ఞాపకముంచుకొనవలసిన మాట. నేను పొరబడినది సరిగా ఇచ్చటనే.

మొదటి పరిశోధకులు, మొదటి తిరస్కారము

మన ప్రాంతపు చరిత్రమునకు మూలసామగ్రిని కూర్చినవాడు కాలిన్ మెకంజీ. ఆయన 1783లో మద్రాసునకు వచ్చెను. వచ్చిన తొలిదినములలోనే మధురలో జాన్‌స్టన్ దంపతుల యింట నుండి, ఆ యింటికి వచ్చు బ్రాహ్మణపండితులతో ప్రసంగించుటవలన తనకు ఈ దేశపు విద్యలయం దాసక్తి పుట్టినట్లు ఆయనయే 1817లో అలెగ్జాండరు జాన్‌స్టన్‌నకు వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. అనగా ఆ మహాసంగ్రహమునకు బీజము పడినది మన మధురలోనే. కాని దొరగారికి మన భాషలు రావు. గ్రామగ్రామమునకు పోయి, కరణములను బుజ్జగించి, శాసనములను చదివి, కైఫీయతులను వ్రాయించి తెచ్చినవారు మనవారే. వారిలో అగ్రగణ్యులు ఏలూరి వారైన కావలి సోదరులు. పెద్దవాడగు బొర్రయ్య 1803లో చిన్నవయస్సుననే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను వహించెను. మరియొక తమ్ముడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితములను ఆంగ్లమున ప్రకటించెను.

1821లో మెకంజీ మరణించినాడు. 1828లో విల్సన్ పండితుడు ఆ సంగ్రహమునకు పట్టిక ప్రకటించినాడు. పని మాత్రము అసంపూర్ణముగానే నిలిచినది. దానిని తాను ముగింతునని, అందుకు సాయము చేయుమని లక్ష్మయ్య మనవి చేసికొనెను. ఆయన అప్పటికి మద్రాసు హిందూ సాహిత్యసంఘమునకు అధ్యక్షుడు. సంగ్రహమంతయు చేతులార కూర్చినవాడు. ఆ మనవి బంగాళా ఆసియాటిక్ సొసైటీవారి పరిశీలనకు వచ్చినది. ఆ సంఘపు కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్ మహాశయుడు. అశోకుని బ్రాహ్మీలిపిని చదివి కీర్తి గడించినవాడు. 1836లో ఆ సంఘమువారు చెప్పిన అభిప్రాయముయొక్క సారాంశమిది: ఇట్టి విమర్శనాత్మకమైన కార్యమునకు ఈ లక్ష్మయ్యగాని, మరి ఏ దేశీయుడుగాని చాలడు. ఆ పనికి వారు సూచించినది విలియం టైలరను మతాచార్యుని పేరు. ఈ టైలరు అంతకు ముందు సంవత్సరమే, అనగా 1835లో, మధుర నాయకుల చరిత్రకు సంబంధించిన అరవ వ్రాతప్రతులను ఆంగ్లానువాదముతో రెండు సంపుటములుగా మద్రాసులో అచ్చువేయించియుండెను.

ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును. ఆ తీర్పులో అన్యాయమున్నది. 'ఏ దేశీయుడుగాని' యనునది పరీక్ష కాదు, పక్షపాతము. అయితే అందులో మనకొక హెచ్చరికయు గలదు. సామగ్రిని కూర్చుట వేరు. దానిని తూచి, పరస్పరము పోల్చి, ఇది నిజము, ఇది జనశ్రుతి యని తేల్చి, ఇతరులు పరీక్షించుటకు వీలుగా వ్రాయుట వేరు. రెండవ పనికి అధికారము జాతివలన రాదు, పట్టమువలన రాదు, పద్ధతివలన వచ్చును.

అందుకు సాక్ష్యము తరువాతి శతాబ్దిలో లభించినది. జయంతి రామయ్య పంతులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము చేసినవారు. 1911లో ఆంధ్ర సాహిత్యపరిషత్తును స్థాపించినవారిలో ముఖ్యులు. బెజవాడలోని యుద్ధమల్లుని పద్యశాసనమును పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారికి విశ్వవిద్యాలయ పట్టము లేదు; అయినను ఆయన వ్రాసిన రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంధ్రవిశ్వకళాపరిషత్తే 1948లో ప్రకటించినది. రాజమహేంద్రవరమున 1922లో వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధకమండలి 1926 నుండి త్రైమాసికపత్రికను నడపినది. ఇటు మధురలో 1901లో నాలుగవ తమిళసంఘము వెలసి, 'సెందమిళ్' పత్రికద్వారా తాళపత్రములలోని సారస్వతమును వెలికి తెచ్చినది. 1924లో సత్యనాథయ్యరుగారి మధుర నాయకుల చరిత్రము మద్రాసు విశ్వవిద్యాలయముచే వెలువడినది. మన పూర్వులనుగూర్చి ప్రమాణముతో మాటలాడదలచినవారికి అది నేటికిని మొదట చదువవలసిన గ్రంథములలో నొకటి.

నా అనుభవము

ఇక నా సంగతి. కోయంబత్తూరునకు తూర్పున మా పూర్వుల గ్రామము కలదు. ఊరివెలుపల మా కుటుంబములకు ఉమ్మడిగా ఒక మోటబావి యుండెడిది. ఊరివారు దానిని 'పదుమూడుపాళ్ల బావి' యందురు. మా పెద్దలు చెప్పు కథ యిది: 1529లో విశ్వనాథ నాయకునితో పండ్రెండు కుటుంబముల వీరులు వచ్చి, ఆ బావి త్రవ్వి, అచ్చట నిలిచిరి. అందుకు సాక్ష్యముగా మా పెదనాన్నగారి పూజగదిలో పదునొకండు పంక్తుల తాటియాకు ఒకటి యుండెను.

ఉద్యోగవిరమణానంతరము ఆ యాకును చదువుటకు మొదలిడితిని. మా అవ్వ ఇసుకలో దిద్దించిన అక్షరములే నాకు గల తెలుగు చదువు. ఆకుమీది వ్రాతలో హ్రస్వదీర్ఘములకు భేదము కనబడని చోట్లు కలవు. కొన్ని కొమ్ములు అరిగిపోయినవి. నెలదినములు కూర్చుండి చదివితిని. 'విరోధి సంవత్సర' మన్నమాట తేటగా కనబడినది. పంచాంగము లెక్క చూచితిని. శాలివాహనశకము 1451, అనగా క్రీస్తుశకము 1529, విరోధియే! నా సంతోషమునకు మేర లేకపోయెను. ఏడవపంక్తిలో 'కంపిలివారి' యని చదివితిని. కంపిలి విజయనగరమునకు సమీపముననే యున్నదిగదా. ఇంక మావారు అచ్చటినుండి వచ్చిరనుటకు సందేహమేమి? ఇరువది పుటల వ్యాసము వ్రాసి, 2019లో ఒక పరిశోధనపత్రికకు పంపితిని.

ఎనిమిది నెలలకు వ్యాసము తిరిగివచ్చినది. పేర్లు చెప్పని ఇద్దరు పరీక్షకుల అభిప్రాయములు దానితో జతపరచియుండెను. మొదటివారు నా వర్ణనలు ఎక్కువైనవనిరి. రెండవవారు మూడు ప్రశ్నలు మాత్రమే వేసిరి. "ఆకులో శకసంవత్సరమున్నదా? విరోధి అరువదియేండ్ల కొకమారు వచ్చునుగదా, 1529యే యనుటకు ఆధారమేమి? ఏడవపంక్తిలో 'కంపిలివారి' యన్న తరువాత 'కిస్తు' అని మీరే చదివియున్నారు. ఛాయాచిత్రమున అది 'కుంపిణివారి కిస్తు'వలె కనబడుచున్నది, మరల చూచెదరా? పాళ్లు పదుమూడని ఆకులోనున్నది, కుటుంబములు పండ్రెండని మీరు వ్రాసితిరి. పదుమూడవ పాలు ఎవరిది?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మొదట కోపము వచ్చినది. మా యింటి ఆకు మాకు తెలియదా యనుకొంటిని. తెల్లవారి బీరువా తెరచినప్పుడు మా అమ్మాయి పెండ్లిపత్రిక కంటబడినది. 'శ్రీ విరోధినామ సంవత్సర' మని దానిమీద అచ్చుపడియున్నది. ఆ వివాహము జరిగినది 2009లో! నా చేతులతో పంచిన పత్రికమీదనే విరోధి యుండగా, విరోధి యనగానే 1529 అని యెట్లు వ్రాసితిని? 1529, 1589, 1649, 1709, 1769, 1829 – ఇవన్నియు విరోధులే. భూతద్దముతో ఏడవపంక్తిని మరల చూచితిని. అది కుంపిణియే. కొమ్ము అరిగినది నిజమే. కాని 'ణి'ని 'లి'గా చదివినది నా కన్ను కాదు, నా కోరిక. కిస్తు కట్టించుకొను కుంపిణి కొంగునాట 1799కి పూర్వము లేదు. 1769లో ఆ దేశము హైదరాలీది. కనుక మా యాకు 1829 నాటిది. కోయంబత్తూరునకు సల్లివన్ దొర కలెక్టరుగానున్న కాలము. రైతువారీ పద్ధతిని ఎవరి పేరిట వారికి పట్టాలుండిన కాలము. అది వీరుల ప్రవేశగాథ కాదు. బావినీటిని వంతులువారీగా పంచుకొనుటకు, కిస్తు ఎవరెంత చెల్లింపవలెనో తేల్చుకొనుటకు వ్రాసికొనిన ఒడంబడిక.

పదుమూడవ పాలు ఎవరిదో నాలుగవపంక్తిలోనే యున్నది. మోట తోలుతొండమును కుట్టు కుటుంబమునకు సాలుకు ఒక పాలు. ఆ పంక్తిని నేను మొదటనే చదివితిని. చదివియు లెక్కలో చేర్చలేదు. ఆ కుటుంబమువారి సంతతి నేటికిని ఊరిచివర నున్నారు; నేటికిని ఇంట తెలుగే మాటలాడుదురు. రెండువందల యేండ్లుగా ఊరివారి నోట 'పదుమూడుపాళ్ల బావి' యని పలుకుచునే, మా కథలో పండ్రెండు కుటుంబములే మిగిలినవి. బావి పేరు మరవనిదానిని మేము మరచితిమి.

సంగతి చెప్పగా మా పెదనాన్నగారు మండిపడిరి. "ఏమిరా, నీ చదువు మన వంశాన్ని మున్నూరేండ్లు చిన్నది చేసిందే! ఇంకా నాలుగక్షరాలు నేర్చుంటే మనం నిన్ననే బస్సు దిగినామని రాసి ఉండువే!" యని నన్ను నిలువునా కడిగివేసిరి. నేను తలవంచుకొని, "పెదనాన్నా, వంశం చిన్నదని ఆకు చెప్పడం లేదు. 1829లో బావి ఉన్నదని చెప్పుతుంది. అంతకు ముందు ఎప్పుడొచ్చినారో అది చెప్పలేదు, చెప్పనిదాన్ని నేను చెప్పించకూడదు గదా" అంటిని. ఆయన చాలసేపు పలుకలేదు. కడకు, "మరి ఆ పదుమూడో పాలు సంగతి కూడా రాస్తావా?" యని యడిగిరి. "రాయాల్నే" అంటిని. "సరే, రాయి. ఆకులో ఉండేది ఆకులో ఉండేట్టే రాయి" అనిరి. పరిశోధనమునుగూర్చి ఇంతకు మించిన సూత్రమును నేను ఏ గ్రంథమందును చూడలేదు.

వ్యాసమును తిరిగి వ్రాసితిని. ఇరువది పుటలు ఏడయినవి. విశ్వనాథ నాయకుని కథను తొలగింపలేదు. 'కుటుంబసంప్రదాయము' అను శీర్షికక్రింద, ఎవరు చెప్పగా ఎప్పుడు వింటినో తెలుపుచు వేరుగా చేర్చితిని. 2022లో అది లఘువ్యాసముగా అచ్చయినది. మా పెదనాన్నగారు భూతద్దము పెట్టుకొని రెండుమార్లు చదివి, ఆ సంచికను పూజగదిలో ఆకు ప్రక్కనే పెట్టించిరి.

వ్యాసము సిద్ధపరచి పంపు విధము

నావలె పొరబడకుండుటకై పిన్నలకు కొన్ని సంగతులు విన్నవింతును.

మొట్టమొదట ఆకును చేతులతో అధికముగా తడవరాదు. పొడిబట్టతో మెల్లగా తుడిచి, వెలుతురు ఒకప్రక్కనుండి పడునట్లు పెట్టి, కొలబద్దనుంచి ఛాయాచిత్రములు తీయవలెను. అక్షరములు కనబడనిచో తొందరపడి నూనె, మసి పూయరాదు. ఆ పని తెలిసినవారిచేతనే చేయింపవలెను. పిమ్మట పంక్తికి పంక్తిగా, ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయవలెను. తప్పులు కనబడినను దిద్దరాదు. చదువ వీలుకాని అక్షరములకు చుక్కలు పెట్టవలెను. మన ఊహను మూలములో కలుపక వేరుగా చూపవలెను. మూలము ఒకచోట, దానికి మన అర్థము వేరొకచోట ఉండవలెను. నేను ఈ రెంటిని కలుపుటవలననే కుంపిణి కంపిలి యయ్యెను.

రెండవది కాలనిర్ణయము. సంవత్సరనామ మొక్కటే చాలదు. శకసంవత్సరము, మాసము, తిథి, వారము ఉన్నచో వానిని పోల్చి చూచుటకు స్వామికన్ను పిళ్ళగారి 'ఇండియన్ ఎఫిమెరిస్' పట్టికలు నేటికిని ఉపయోగించును. తిథివారములు కుదరనిచో ఆ పత్రము తరువాతివారు కల్పించినది కావచ్చునను అనుమానమునకు తావీయవలెను. నాణెముల పేర్లు, అధికారుల పేర్లు, పన్నుల పేర్లు కాలమును పట్టి యిచ్చును. మా యాకునకు 'కిస్తు' సాక్షియైనట్లు.

మూడవది సాక్ష్యముల పోలిక. ఒక్క ఆకును నమ్ముకొని చరిత్రము వ్రాయరాదు. మెకంజీ సంగ్రహములో పెద్దభాగము చెన్నపట్టణమునందలి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున గలదు. జిల్లా రెవెన్యూ దస్తావేజులు ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖ్యాలయమున గలవు. గుడిగోడలమీది శాసనముల వివరములు 1887 నుండి వెలువడుచువచ్చిన వార్షిక శాసననివేదికలలో దొరకును. నెల్సన్ 1868లో వ్రాసిన మధుర మాన్యువలు మొదలైనవానిని చదువవచ్చును. కాని వానిలోని ప్రతివాక్యమును వేదముగా గైకొనరాదు. వారును కొన్నిచోట్ల జనశ్రుతినే వ్రాసిరి.

నాలుగవది వ్యాసరచనము. మొదట నూటయేబది, రెండువందల మాటలలో సంగ్రహము వ్రాయవలెను: ప్రశ్న యేది, ఆధారమేది, తేలినదేది యని. ఇదివరలో ఈ విషయముపై ఎవరేమి వ్రాసిరో చెప్పి, మనము క్రొత్తగా చేర్చునది ఒక్కవాక్యమున చెప్పవలెను. చేర్చునది చిన్నదైనను దోషము లేదు. లేనిదానిని పెద్దది చేయుట దోషము. పరులనుండి గ్రహించిన ప్రతిమాటకు గ్రంథము పేరు, పుట చెప్పవలెను. పెద్దలు చెప్పినదయినచో వారి యనుమతి పొంది, చెప్పినవారు, చోటు, తేదీ వ్రాసికొనవలెను. ఆకు ఎవరి యింట నున్నదో వారి సమ్మతి లేక ఛాయాచిత్రమును ప్రకటింపరాదు.

ఐదవది పత్రికకు పంపుట. పంపుటకు ముందు ఆ పత్రికయొక్క గతసంచికలు రెండుమూడు చదువవలెను. మన విషయము వారికి తగినదో కాదో అప్పుడే తెలియును. వారు విధించిన పుటల పరిమితిని, గ్రంథసూచికలు వ్రాయు పద్ధతిని అక్షరాల పాటింపవలెను. పూర్వము తపాలాలో మూడు ప్రతులు పంపువారము; ఇప్పుడు కంప్యూటరుద్వారా పంపుట వాడుకయైనది. రచయిత పేరు పరీక్షకులకు తెలియకుండునట్లు వ్యాసమునుండి దానిని తొలగించి, వేరు పుటలో చేర్పుమని చాల పత్రికలు కోరును. ఒకే వ్యాసమును ఒకేసారి రెండు పత్రికలకు పంపుట మర్యాద కాదు. కొందరు రుసుము పుచ్చుకొని వారములో అచ్చువేతుమని ఉత్తరములు వ్రాయుదురు. పరీక్ష లేని అచ్చు అచ్చుకాదు. వారి జోలికి పోరాదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు మంచి పత్రికలను గుర్తించుటకు 2019 నుండి నడపిన పట్టికను 2025లో విరమించిరి. కనుక పత్రిక మంచిచెడ్డలు విచారించుకొను భారము నేడు రచయితదే.

వ్యాసములను తెలిసినవారికి చూపి వారి మాట వినియే అచ్చువేయు ఆచారము పాశ్చాత్యదేశములలో క్రమక్రమముగా బలపడినది. 1665లో లండనునందు రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గు విజ్ఞానపత్రికను ఆరంభించెను. ఆ పత్రికలోని వ్యాసములను ఒకరికి చూపి అభిప్రాయము తెప్పించుకొను పద్ధతి తరువాతి కాలములలో స్థిరపడినది. మన సంప్రదాయమునకు ఇది క్రొత్త యేమియు కాదు. విద్వత్సభలో కావ్యము చదివి, ఆక్షేపణలకు సమాధానము చెప్పి, అంగీకారము పొందినగాని పూర్వము కవికి గౌరవము లేదు. పరీక్షకుడు మన శత్రువు కాడు. ఆయన వేసిన ప్రతిప్రశ్నకు వరుసగా, కోపము లేక, సమాధానము వ్రాయవలెను. ఒప్పుకొనదగినదానిని ఒప్పుకొనవలెను. ఒప్పుకొనరానిచో ఆధారము చూపవలెను. నాకు మూడు ప్రశ్నలు వేసిన ఆ మహాశయు డెవరో నాకు తెలియదు. తెలిసినచో ఒక నమస్కారము చేసెదను. ఆయన యడుగకున్నచో మా బావి పదుమూడవ పాలు పండ్రెండు పాళ్లలో మునిగిపోయియుండును.

విన్నపము

1836లో లక్ష్మయ్యగారిని కాదన్నవారికి ఆయన వంశీయులు సమాధానము చెప్పలేదు. జయంతి రామయ్యగారు, సోమశేఖరశర్మగారు మున్నగువారి వ్రాతలు చెప్పినవి. మధుర, కోయంబత్తూరు తెలుగువారి చరిత్రమున ఇంకను వ్రాయవలసిన పుటలు చాల గలవు. పాళెగాండ్ర గురించి గ్రంథములున్నవి. బావి త్రవ్వినవారి గురించి, మగ్గము నేసినవారి గురించి, తోలు కుట్టినవారి గురించి వ్రాతలు తక్కువ. అవి మన అటకలమీదనే యున్నవి.

కనుక మన సంఘసభ్యులను నేను కోరునది యొక్కటే. రానున్న సరస్వతీపూజనాడు కట్టలకు పసుపు కుంకుమలుంచిన పిమ్మట మరల అటక యెక్కింపకుడు. ఒక్క దినము క్రిందనే యుంచుడు. చదువగల పెద్దవానిని పిలువుడు. ప్రక్కన కాగితము, కలముతో ఒక పిన్నవానిని కూర్చుండబెట్టుడు. ఆకులోనున్నది ఆకులోనున్నట్లే వ్రాయుమని చెప్పుడు. తక్కిన పద్ధతులన్నియు ఆ తరువాతివి. మా పెదనాన్నగారికి ఇప్పుడు తొంబదియొకటవయేడు. పూజగదిలోని ఆ సంచికను ఇంటికి వచ్చిన ప్రతివారికిని చూపి, "మావాడు మా వంశాన్ని మున్నూరేండ్లు చిన్నది చేసినాడు, చదివి చూడు" అని ఆయనయే నవ్వుచు చెప్పుచున్నారు.